పుస్తకం, ట్రాక్టర్, బియ్యం బస్తా: ఘర్షణ బాణం ఎటు గీయాలి?

ప్రశ్న: "సార్, నాది ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. న్యూటన్ మూడు నియమాలూ అప్పజెప్పగలను. లెక్క దగ్గరికొచ్చేసరికి బొమ్మలో ఏ బలం ఎటు గీయాలో తెలియడం లేదు, ముఖ్యంగా ఘర్షణ. ఇంకో డౌట్ కూడా ఉంది. బల్ల మీద పుస్తకం బరువు కిందికి, బల్ల తోపు పైకి, రెండూ సమానం కాబట్టి అవే చర్య, ప్రతిచర్య అని నోట్సులో రాసుకున్నాం. మరి చర్య, ప్రతిచర్య వేర్వేరు వస్తువుల మీద ఉంటాయంటారు కదా? అవి సమానమైతే ట్రాక్టర్ ట్రాలీని ఎలా లాగుతుంది? పరీక్షలు దగ్గరపడ్డాయి, చాలా టెన్షన్‌గా ఉంది."

జవాబు:

నువ్వు అడిగినవి మూడు ప్రశ్నల్లా కనిపిస్తున్నాయి గానీ మూడింటి వెనకా ఉన్న చిక్కు ఒక్కటే. బాణం గీసేటప్పుడు "ఈ బలాన్ని ఎవరు ప్రయోగిస్తున్నారు, ఎవరి మీద?" అని నువ్వు అడగడం లేదు. ఇన్నేళ్లుగా మెకానిక్స్ చెబుతున్నాను కాబట్టి ఒక మాట ధైర్యంగా అనగలను. ఈ అధ్యాయంలో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం లెక్క చేయడంలో పోవు, బొమ్మ దగ్గరే పోతాయి. బొమ్మ సరిగ్గా ఉంటే మిగిలింది పదో తరగతి బీజగణితమే.

ముందు పుస్తకం సంగతి చూద్దాం. పుస్తకం మీద రెండు బలాలున్నాయి. ఒకటి భూమి పుస్తకాన్ని కిందికి లాగుతున్న బలం. రెండోది బల్ల పుస్తకాన్ని పైకి తోస్తున్న బలం. ఈ రెండు వాక్యాలనూ ఇంకోసారి చదువు. ఒకదాంట్లో భూమి, పుస్తకం ఉన్నాయి. రెండోదాంట్లో బల్ల, పుస్తకం ఉన్నాయి. మూడో నియమం జంట ఎప్పుడూ ఒకే ఇద్దరి మధ్య ఉంటుంది. 'క' వచ్చి 'ఖ' మీద ఎంత బలం ప్రయోగిస్తే, 'ఖ' కూడా 'క' మీద అంతే బలం తిరిగి ప్రయోగిస్తుంది. కాబట్టి "భూమి పుస్తకాన్ని లాగుతోంది" అనేదానికి జంట "పుస్తకం భూమిని లాగుతోంది" అనేదే. "బల్ల పుస్తకాన్ని తోస్తోంది" అనేదానికి జంట "పుస్తకం బల్లను కిందికి నొక్కుతోంది". నీ నోట్సులో ఉన్న రెండూ జంట కాదు, రెండు వేర్వేరు జంటల్లోంచి తలా ఒకటి తీసుకున్నారు.

మరి అవి సమానంగా ఎందుకున్నాయి? పుస్తకం కదలకుండా ఉంది కాబట్టి. త్వరణం సున్నా, కాబట్టి ఫలిత బలం సున్నా, కాబట్టి పైకీ కిందికీ సమానం. ఇది రెండో నియమం చెప్పే మాట, మూడోది కాదు. తేడా చిన్నదే అనిపిస్తుందేమో, లిఫ్టులో పెట్టి చూడు, బయటపడుతుంది. నీ ద్రవ్యరాశి 50 కిలోలు అనుకుందాం, గురుత్వ త్వరణం 10 మీ/సె² అనుకుందాం. లిఫ్టులో బరువు తూచే మెషీన్ మీద నిలబడ్డావు. లిఫ్టు 2 మీ/సె² త్వరణంతో పైకి బయలుదేరింది. భూమి నిన్ను లాగేది ఎప్పటిలాగే 500 న్యూటన్లు. మెషీన్ నిన్ను పైకి తోసేది 'అ' న్యూటన్లు అనుకుంటే, అ – 500 = 50 × 2, అంటే అ = 600. మెషీన్ 60 కిలోలు చూపిస్తుంది. బరువు 500, అభిలంబ బలం (తలం తనకు లంబంగా తోసే బలం) 600. అవి మూడో నియమం జంటే అయితే ఏ పరిస్థితిలోనూ తేడా రాకూడదు. అసలు జంటను చూడు: మెషీన్ నీ కాళ్లను తోసేది 600, నీ కాళ్లు మెషీన్‌ను నొక్కేది 600. లిఫ్టు ఎటు వెళ్లినా, ఆఖరికి తాడు తెగి కింద పడుతున్నా, ఈ రెండూ మాత్రం సమానమే (తాడు తెగితే రెండూ సున్నా, అంతే).

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. పైకి వెళ్తున్నంతసేపూ మెషీన్ ఎక్కువ చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. లిఫ్టు స్థిర వేగం అందుకున్నాక మెషీన్ మళ్లీ 50కే వస్తుంది. పై అంతస్తు దగ్గర ఆగబోతూ వేగం తగ్గేటప్పుడు, ఇంకా పైకే వెళ్తున్నా సరే, 50 కంటే తక్కువ చూపిస్తుంది. వేగం ఎటు ఉందో బలానికి అనవసరం, త్వరణం ఎటు ఉందన్నదే లెక్క.

ఈ ఒక్క వాక్యం ఒంటబట్టడం ఎంత కష్టమో చూడాలంటే ఇంకో ప్రశ్న వేసుకో. బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరావు. చెయ్యి వదిలాక, పైకి వెళ్తున్న బంతి మీద ఏయే బలాలున్నాయి? గాలి నిరోధం వదిలెయ్. క్లాసులో ఈ ప్రశ్న అడిగితే సగం మందికి పైగా కిందికి ఒక బాణం గీసి, పైకి ఇంకో బాణం గీసి దాని పక్కన "విసిరిన బలం" అని రాస్తారు. ఇప్పుడు ఆ ప్రశ్న అడుగు: ఎవరు ప్రయోగిస్తున్నారు? చెయ్యి బంతిని వదిలేసి చాలాసేపయింది. బంతిని ముట్టుకుంటున్నవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి ఆ పై బాణానికి యజమాని లేడు, చెరిపెయ్. ఉన్నది ఒక్కటే బలం, భూమి లాగేది. బంతి పైకి వెళ్తున్నా, రెండో సెకను చివర శిఖరం దగ్గర క్షణం ఆగినా, తిరిగి కిందికి వస్తున్నా త్వరణం కిందికే, అదే 10. శిఖరం దగ్గర త్వరణం కూడా సున్నా అని రాసేవాళ్లున్నారు. అక్కడ వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే బంతి ఆకాశంలో అలాగే వేలాడుతూ ఉండాలి కదా!

ఈ పొరపాటు చేసినందుకు సిగ్గుపడక్కర్లేదు. కదులుతున్న వస్తువును ఏదో ఒకటి తోస్తూనే ఉండాలన్న నమ్మకం అరిస్టాటిల్ నాటిది. పారిస్‌లో 14వ శతాబ్దపు పండితుడు జాన్ బురిడాన్ దాన్ని కాస్త సవరించి, విసిరినప్పుడు వస్తువులోకి ఒక ఊపు చేరుతుందని, అదే దాన్ని ముందుకు నడిపిస్తుందని అన్నాడు. నువ్వు గీసిన "విసిరిన బలం" దాదాపు అదే. గెలీలియో 1638 నాటి పుస్తకం, న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియా వచ్చాక గానీ ఈ ఆలోచన పక్కకు పోలేదు. జనం బుర్రల్లోంచి ఇప్పటికీ పోలేదనుకో. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు లెక్కలు అక్కర్లేకుండా కేవలం బలాల భావనల మీద ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. పెద్ద పెద్ద లెక్కలు చేసే యూనివర్సిటీ విద్యార్థులు కూడా అందులోని చిన్న ప్రశ్నల దగ్గర తడబడటం చూసి అక్కడి కొందరు ప్రొఫెసర్లు పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నారు.

ఇక ట్రాక్టర్. ట్రాలీని ట్రాక్టర్ ఎంత బలంతో ముందుకు లాగుతుందో, ట్రాక్టర్‌ను ట్రాలీ అంతే బలంతో వెనక్కి లాగుతుంది. ఇందులో సందేహం లేదు. కానీ అవి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, ఎందుకంటే ఒకటి ట్రాలీ మీద ఉంది, ఇంకొకటి ట్రాక్టర్ మీద ఉంది. ట్రాలీ కదులుతుందా లేదా అని తేల్చడానికి ట్రాలీ మీద ఉన్న బలాలే చూడాలి. అంకెలు పెట్టి చూద్దాం. ట్రాక్టర్ 2000 కిలోలు, ట్రాలీ 3000 కిలోలు. ట్రాలీ చక్రాల దగ్గర నిరోధం 1500 న్యూటన్లు. రోడ్డు ట్రాక్టర్ చక్రాలను ముందుకు తోసే బలం, ఇతర నిరోధాలు పోగా, 6500 న్యూటన్లు.

రెండింటినీ కలిపి ఒకే వస్తువుగా చూస్తే 6500 – 1500 = 5000 × త్వరణం. త్వరణం 1 మీ/సె². ఇప్పుడు ట్రాలీ ఒక్కదాన్నే తీసుకో: కొక్కెం దగ్గర లాగే బలం – 1500 = 3000 × 1, అంటే కొక్కెం దగ్గర 4500. ఇప్పుడు ట్రాక్టర్ ఒక్కదాన్నే తీసుకుని సరిచూడు: 6500 – 4500 = 2000, అది 2000 × 1కి సమానం. సరిపోయింది. కొక్కెం దగ్గర 4500, 4500 సమానంగానే ఉన్నాయి, అయినా బండి కదులుతోంది. చూశావుగా, బండిని మొత్తంగా ముందుకు తీసుకెళ్తున్నది రోడ్డు. ఇంజిన్ తిప్పిన చక్రం రోడ్డును వెనక్కి తోస్తుంది, రోడ్డు చక్రాన్ని ముందుకు తోస్తుంది. అందుకే దమ్ము చేసే మడిలో మామూలు టైర్లతో దిగితే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఇంజిన్‌లో శక్తి తగ్గలేదు, వెనక్కి తోయడానికి గట్టి నేల దొరకలేదంతే. రైతులు కేజ్ వీల్స్ బిగించేది అందుకే, ఆ ఇనుప పట్టీలు బురదలోకి దిగి పట్టు దొరకబుచ్చుకుంటాయి.

రోడ్డే లేని చోట? రాకెట్ తను వదిలే వాయువుల్ని వెనక్కి తోస్తుంది, ఆ వాయువులు రాకెట్‌ను ముందుకు తోస్తాయి. నేలను తన్నడమూ లేదు, గాలిని తోయడమూ లేదు, అందుకే శూన్యంలోనూ పనిచేస్తుంది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని తీసుకెళ్లిన ఎల్‌వీఎం-3 బరువు సుమారు 640 టన్నులు. అంటే భూమి దాన్ని లాగేది దాదాపు 64 లక్షల న్యూటన్లు. వాయువుల తోపు అంతకు మించితేనే అది నేల వదులుతుంది. మించిన భాగమే త్వరణమవుతుంది.

సరే, నీ అసలు బాధ, ఘర్షణ.

"ఘర్షణ ఎప్పుడూ చలనానికి వ్యతిరేక దిశలో ఉంటుంది" అని నువ్వు బట్టీ పట్టి ఉంటావు. దాన్ని ఇవాళే మర్చిపో. అందులో సగమే నిజం, మిగతా సగం మార్కులు తినేస్తుంది. ఘర్షణ వ్యతిరేకించేది రెండు తలాల మధ్య జారుడును. వస్తువు రోడ్డు మీద ఎటు వెళ్తోందన్నది వేరే సంగతి.

లారీ ప్లాట్‌ఫామ్ మీద 50 కిలోల బియ్యం బస్తా ఉంది. లారీ 2 మీ/సె² త్వరణంతో ముందుకు కదిలింది, బస్తా జారలేదు. బస్తా మీద ఘర్షణ ఎటు? పద్ధతి చెబుతాను. ఒక్క క్షణం ఆ ప్లాట్‌ఫామ్ నూనె పోసినట్టు నున్నగా అయిపోయిందనుకో. లారీ ముందుకు పోతుంది, బస్తా ఉన్నచోటే ఉండిపోతుంది, అంటే ప్లాట్‌ఫామ్ మీద బస్తా వెనక్కి జారుతుంది. ఘర్షణ ఆ జారుడుకు ఎదురు నిలుస్తుంది, కాబట్టి బస్తా మీద ఘర్షణ ముందుకు. విలువ 50 × 2 = 100 న్యూటన్లు. బస్తా ముందుకు వెళ్తోంది, ఘర్షణ కూడా ముందుకే ఉంది! బస్తాకు వేగం ఇచ్చేదే ఘర్షణ, దాన్ని అడ్డంగా తోసేవాళ్లు ఇంకెవరూ లేరు. డ్రైవర్ బ్రేకు వేస్తే అంతా తిరగబడుతుంది, బస్తా ముందుకు జారబోతుంది, ఘర్షణ వెనక్కి ఉంటుంది. స్థైతిక ఘర్షణ (జారకముందు పట్టి ఉంచే ఘర్షణ) గుణకం, అంటే 'మ్యూ', 0.4 అయితే ఘర్షణ ఇవ్వగలిగిన గరిష్ఠ త్వరణం 4 మీ/సె². గంటకు 54 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 15 మీటర్లు. బస్తా జారకుండా లారీ ఆగాలంటే కనీసం 225 ÷ 8, అంటే దాదాపు 28 మీటర్ల దూరం కావాలి. ఈ లెక్కలో బస్తా ద్రవ్యరాశి ఎక్కడా రాలేదని గమనించు. 25 కిలోల బస్తా అయినా ఇదే జవాబు.

దిశ తర్వాత విలువ. ఘర్షణ అనగానే "మ్యూ ఇంటూ అభిలంబ బలం" అని రాసేయడం రెండో జబ్బు. అది స్థైతిక ఘర్షణ విలువ కాదు, దాని హద్దు. 10 కిలోల పెట్టె నేల మీద ఉంది, స్థైతిక గుణకం 0.5, గతిక (జారుతున్నప్పటి) గుణకం 0.4. హద్దు 50 న్యూటన్లు. నువ్వు 20 న్యూటన్లతో లాగితే ఘర్షణ 20. 30తో లాగితే 30. 60తో లాగితే హద్దు దాటింది, పెట్టె జారుతుంది, ఇప్పుడు గతిక ఘర్షణ 40, త్వరణం (60 – 40) ÷ 10 = 2 మీ/సె². అసలు లాగకపోతే ఘర్షణ సున్నా. 20తో లాగినప్పుడు కూడా ఘర్షణ 50 అని రాస్తే ఏమవుతుంది? నువ్వు ముందుకు లాగితే పెట్టె వెనక్కి బయలుదేరాలి!

దీనికంటే తమాషా అయిన కేసు గోడ మీద పుస్తకం. అర కిలో పుస్తకాన్ని అరచేత్తో గోడకేసి అడ్డంగా 40 న్యూటన్లతో నొక్కి పట్టావు. గుణకం 0.5. నీ చేతికీ పుస్తకానికీ మధ్య ఘర్షణ లేదనుకుందాం. అభిలంబ బలం 40, హద్దు 20 న్యూటన్లు. పుస్తకం బరువు 5. ఘర్షణ ఎంత? 20 అని రాస్తే పుస్తకం మీద పైకి 15 న్యూటన్ల ఫలిత బలం మిగులుతుంది, అర కిలో ద్రవ్యరాశికి 30 మీ/సె² త్వరణం, పుస్తకం గోడ ఎక్కి కప్పు దాకా పోవాలి. జవాబు 5. ఇంకా గట్టిగా, 80తో నొక్కినా ఘర్షణ 5 న్యూటన్లే. పెరిగేది హద్దు ఒక్కటే.

ఇప్పుడు దిశ, విలువ రెండూ కలిసొచ్చే లెక్క. దీన్ని కాగితం మీద చేసే దాకా ముందుకు పోవద్దు. 30 డిగ్రీల వాలు తలం మీద 2 కిలోల బ్లాక్, స్థైతిక గుణకం 0.6. వాలు వెంట కిందికి లాగే బరువు అంశం 20 × సైన్ 30, అంటే 10 న్యూటన్లు. అభిలంబ బలం 20 × కాస్ 30, దాదాపు 17.3. ఘర్షణ హద్దు దాదాపు 10.4. ఊరికే వదిలేస్తే బ్లాక్ ఆగే ఉంటుంది, ఘర్షణ 10, వాలు వెంట పైకి. ఇప్పుడు వాలు వెంట పైకి 4 న్యూటన్లతో లాగు. ఘర్షణ 6కి తగ్గుతుంది, ఇంకా పైకే. 10తో లాగు. ఘర్షణ సున్నా. 14తో లాగు. ఘర్షణ 4, కానీ ఈసారి కిందికి. అదే బ్లాక్, అదే వాలు, ఎక్కడా అంగుళం కదల్లేదు, ఘర్షణ మాత్రం తగ్గి, మాయమై, దిశ మార్చుకుంది. కాబట్టి స్థైతిక ఘర్షణ బాణాన్ని ముందే తెలిసినట్టు గీయకు. ఏదో ఒక దిశ అనుకుని, అక్షరం పెట్టి, సమీకరణం రాయి. జవాబు రుణ సంఖ్య వస్తే దిశ రెండో వైపు అని అర్థం. తర్వాత హద్దు దాటిందేమో చూసుకో. వస్తువు నిజంగా జారుతున్నప్పుడు మాత్రం ఈ వెసులుబాటు లేదు. గతిక ఘర్షణ జారుడుకు ఎదురుగానే గీయాలి.

సైన్, కాస్ ఎక్కడ ఏది పెట్టాలో తడబడితే బట్టీ వద్దు, కోణాన్ని సున్నా చేసి చూడు. నేల సమతలమైతే జారే బలం సున్నా కావాలి, కాబట్టి దానికి సైన్. రెండు సెకన్ల పని.

వృత్తాకార చలనం గురించి ఒక్క మాట. అభికేంద్ర బలం అని విడిగా ఒక బాణం గీయకు. దాన్ని ఎవరు ప్రయోగిస్తున్నారో చెప్పు: తాడు తన్యతా, రోడ్డు ఘర్షణా, భూమి ఆకర్షణా? ఆ బలాలు అప్పటికే బొమ్మలో ఉంటాయి. వాటి ఫలితం కేంద్రం వైపు ఉండటాన్నే ఆ పేరుతో పిలుస్తాం. అపకేంద్ర బలం (బయటికి నెట్టినట్టు అనిపించేది) నువ్వు తిరిగే చట్రంలో కూర్చుని లెక్క చేస్తేనే వస్తుంది. నేల మీద నిలబడి చేస్తే దాన్ని ముట్టుకోకు.

"ఇన్ని బొమ్మలు గీస్తూ కూర్చుంటే ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు ఎలా అవుతాయి సార్?" అని అడగబోతున్నావని తెలుసు. బొమ్మ గీయడానికి పట్టేది అర నిమిషం. కప్పీ లెక్కలకు రెడీమేడ్ సూత్రాలు కోచింగ్‌లో ఇస్తారు, వాటితో నాకు పేచీ లేదు. కానీ ఆ సూత్రం ఘర్షణ లేని, బరువు లేని కప్పీకి, లిఫ్టులో లేని కప్పీకి. పేపరు తయారుచేసేవాడు ఆ మూడింట్లో ఒకటి మారుస్తాడు, నాలుగింటిలో ఒక ఆప్షన్‌గా ఆ పాత సూత్రం జవాబే పెడతాడు.

ఇక నువ్వు ఒంటరిగా చేయాల్సిన లెక్క. నున్నటి నేల మీద 8 కిలోల బ్లాక్, దాని మీద 2 కిలోల బ్లాక్. రెండింటి మధ్య గుణకం, స్థైతికమైనా గతికమైనా, 0.3 అనుకో. హద్దు 0.3 × 20 = 6 న్యూటన్లు. కింది బ్లాక్‌ను 20 న్యూటన్లతో లాగారు. కలిసి వెళ్తాయనుకుంటే త్వరణం 2, పై బ్లాక్‌కు కావాల్సిన ఘర్షణ 4, హద్దు లోపలే ఉంది, కాబట్టి కలిసే వెళ్తాయి. 40తో లాగితే త్వరణం 4 కావాలి, పై బ్లాక్‌కు 8 న్యూటన్లు కావాలి, అంత దొరకదు. జారుతుంది. అప్పుడు పై బ్లాక్ త్వరణం 6 ÷ 2 = 3, కింది దాని త్వరణం (40 – 6) ÷ 8 = 4.25. ఇక్కడి దాకా నేను చేశాను. కింది దాన్ని వదిలేసి పై బ్లాక్‌ను లాగితే, 7.5 న్యూటన్లు దాటగానే జారడం మొదలవుతుంది. కింది దాన్ని లాగినప్పుడు 30 దాకా తట్టుకున్నది, ఇప్పుడు 7.5కే ఎందుకు జారిందో రెండు బ్లాకులకూ విడివిడిగా బొమ్మలు గీసి తేల్చు. తేలకపోతే ఆ బొమ్మలు ఫొటో తీసి పెట్టు, చూసి చెబుతాను.